మేనేజర్ని మారిస్తే గట్టెక్కుతారా?

2017 మే 7, ఇంగ్లండ్ రెండో డివిజన్ సీజన్‌కు ఆఖరి రోజు. బ్లాక్‌బర్న్ రోవర్స్ బ్రెంట్‌ఫర్డ్ వెళ్లి 3-1తో గెలిచింది. గెలిచి మూడో డివిజన్‌కు జారిపోయింది. నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కూ 51 పాయింట్లే, బ్లాక్‌బర్న్‌కూ 51 పాయింట్లే. గోల్ తేడా ఫారెస్ట్‌ది మైనస్ 10, బ్లాక్‌బర్న్‌ది మైనస్ 12. ఆ రెండు గోల్సే కొంప ముంచాయి. ప్రీమియర్ లీగ్ గెలిచిన క్లబ్బు మూడో డివిజన్ గడప తొక్కడం అదే మొదటిసారి. మేనేజర్ టోనీ మోబ్రే బాధ్యతలు తీసుకుని అప్పటికి రెండున్నర నెలలు.

అదే రోజు బతికి బయటపడ్డ బర్మింగ్‌హామ్ సిటీకి మేనేజర్ హారీ రెడ్‌నాప్. మూడు మ్యాచ్‌లు మిగిలుండగా వచ్చి రెండు గెలిచాడు. ఫారెస్ట్ మేనేజర్ మార్క్ వార్‌బర్టన్ వచ్చింది మార్చిలో. అంటే చివరి రోజు అంచున వేలాడిన ఈ మూడు పెద్ద క్లబ్బులకూ కొత్త మేనేజర్లే. ఇద్దరు రక్షకులయ్యారు, మూడోవాడు ముంచినవాడయ్యాడు.

పెద్ద క్లబ్బు కిందికి జారుతుంటే మేనేజర్ని మార్చాలి, కొత్తవాడు రాగానే ఆటగాళ్లకు ఊపు వస్తుంది, ఆ ఊపులో ఒడ్డున పడతారు. ఫుట్‌బాల్ లోకంలో ఇంత లోతుగా పాతుకుపోయిన నమ్మకం మరొకటి లేదు. యజమానులు నమ్ముతారు, అభిమానులు నమ్ముతారు, టీవీలో కూర్చునే మాజీ ఆటగాళ్లయితే ప్రతి జనవరిలోనూ దీన్నే కొత్తగా కనిపెట్టినట్టు చెబుతారు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అర్ధరాత్రి దాకా మేలుకుని ప్రీమియర్ లీగ్ చూసే మన కుర్రాళ్లూ ఇదే మాట అంటారు. ఈ నమ్మకానికి ఆధారం లేదు. పైగా క్లబ్బును నిజంగా ముంచినవాళ్లు దాక్కోవడానికి ఇంతకంటే మంచి చాటు దొరకదు.

ముందు కూడికలు, తీసివేతలు చూద్దాం. ప్రీమియర్ లీగ్‌లో ఇరవై జట్లు. ఎవరు ఎంత బాగా ఆడినా సీజన్ చివర మూడు దిగిపోవాల్సిందే. అడుగున ఉన్న ఆరేడు క్లబ్బులూ మేనేజర్లను మార్చాయనుకుందాం. అప్పుడు కొన్ని నిలుస్తాయి, కొన్ని పోతాయి. నిలిచినవాటిని చూపించి ‘మార్పు పని చేసింది’ అంటాం. పోయినవాటిని చూపించి ‘మార్పు ఆలస్యమైంది’ అంటాం. గెలిచినా ఓడినా సిద్ధాంతం మాత్రం ఓడదు. అలాంటి సిద్ధాంతంతో పేచీ పెట్టుకోవడం కష్టమే గానీ, పెట్టుకోక తప్పదు.

2022-23 సీజన్ చూడండి. ప్రీమియర్ లీగ్ నుంచి దిగిపోయిన మూడు క్లబ్బులూ మధ్యలో మేనేజర్లను మార్చినవే. సౌతాంప్టన్ ఇద్దరిని పంపేసింది. లీడ్స్ యునైటెడ్ ఫిబ్రవరిలో జెస్సీ మార్ష్‌ను తీసేసి హావీ గ్రాసియాను తెచ్చింది, మేలో గ్రాసియానూ తీసేసి, నాలుగే నాలుగు మ్యాచ్‌ల కోసం సామ్ ఆలర్‌డైస్‌ను పిలిచింది. దిగువ డివిజన్‌కు పోబోయే జట్లను కాపాడడంలో దిట్టగా ఆయనకు ఇంగ్లండంతా పేరు. నాలుగు మ్యాచ్‌లలో ఒక్క పాయింట్ వచ్చింది. లీసెస్టర్ ఏప్రిల్‌లో బ్రెండన్ రోజర్స్‌ను పంపి డీన్ స్మిత్‌ను పెట్టింది. చివరి రోజు గెలిచింది కూడా. ఎవర్టన్ తన మ్యాచ్ గెలవడంతో ఆ గెలుపు వృథా అయింది.

ఎవర్టన్ మార్చి బతికింది కదా, అంటారు. నిజమే, జనవరిలో ఫ్రాంక్ లాంపార్డ్ పోయి షాన్ డైచ్ వచ్చాడు, 36 పాయింట్లతో నిలిచారు. కానీ అదే సీజన్‌లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ అక్టోబర్‌లో పట్టిక అట్టడుగున ఉండగా ఏం చేసింది? మేనేజర్ స్టీవ్ కూపర్‌ను పంపలేదు సరికదా, కొత్త కాంట్రాక్ట్ ఇచ్చింది. 38 పాయింట్లతో పదహారో స్థానంలో నిలిచింది. వెస్ట్ హామ్ చలికాలమంతా అడుగు జట్ల మధ్యే కొట్టుమిట్టాడింది. డేవిడ్ మోయిస్‌ను తీసేయమని గోల. తీసేయలేదు. లీగ్‌లో నిలిచారు, యూరప్‌లో కాన్ఫరెన్స్ లీగ్ కప్పు కూడా గెలిచారు. మార్చకుండా బతికిన ఈ కథలు ఎవరికీ గుర్తుండవు. జరగని సంఘటన వార్త కాదు గదా.

2017కే మళ్లీ వెళితే, పైన చెప్పకుండా వదిలేసిన క్లబ్బు ఒకటుంది. బర్టన్ ఆల్బియన్. రెండో డివిజన్‌లో దానికి అదే మొదటి సీజన్, బ్లాక్‌బర్న్ పక్కన నిలబెడితే ఎంతో చిన్నది. మేనేజర్ నైజెల్ క్లఫ్‌ను ఆగస్టు నుంచి మే దాకా కదిలించలేదు. 52 పాయింట్లతో, ఫారెస్ట్ కంటే పైన, బ్లాక్‌బర్న్ కంటే పైన నిలిచింది. దిగిపోయిన మిగతా రెండు క్లబ్బులు విగన్, రోథర్‌హామ్. రెండూ ఆ సీజన్‌లో మేనేజర్లను ఒకసారి కాదు, రెండేసి సార్లు మార్చాయి.

రెడ్‌నాప్ గొప్పతనం సంగతీ తేల్చుకోవాలి. 2016 డిసెంబర్‌లో బర్మింగ్‌హామ్ ఏడో స్థానంలో ఉంది. అప్పుడు మేనేజర్ గ్యారీ రోవెట్. కొత్త యజమానులకు పెద్ద పేరు కావలసి వచ్చింది. రోవెట్‌ను పంపేసి ఇటలీ దిగ్గజం జాన్‌ఫ్రాంకో జోలాను తెచ్చారు. నాలుగు నెలల్లో రెండే గెలుపులు. ఏడో స్థానం నుంచి మునిగే దాకా తెచ్చింది ఒక మార్పు, అక్కడి నుంచి అంచు మీద ఆపింది ఇంకో మార్పు. తామే పెట్టిన నిప్పును తామే ఆర్పి సన్మానం చేయించుకున్నారు. ఆ రెడ్‌నాప్‌నూ సెప్టెంబర్‌లో ఇంటికి పంపారు.

అయినా కొత్త మేనేజర్ రాగానే నాలుగు గెలుపులు రావడం మనం కళ్లారా చూస్తుంటాం. అదెలా అని అడుగుతారు. మేనేజర్ని ఎప్పుడు తీసేస్తారో ఆలోచించండి. వరుసగా ఆరేడు మ్యాచ్‌లు ఓడాక. అంటే జట్టు తన అసలు సత్తా కంటే బాగా కింద ఉన్నప్పుడు. బంతి గోల్ స్తంభానికి తగిలి బయటికి పోయింది, ఇద్దరు ముఖ్యమైన ఆటగాళ్లు గాయాలతో కూర్చున్నారు, పెద్ద జట్లతో మ్యాచ్‌లన్నీ ఒకేసారి వచ్చిపడ్డాయి. దురదృష్టం అంతకంటే కిందికి లాగలేని చోట మార్పు జరుగుతుంది. తర్వాత జట్టు తన మామూలు స్థాయికి ఎలాగూ వస్తుంది. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగాయి, కాకికి కాంట్రాక్ట్ ఇచ్చారు.

ఇది నా ఊహ కాదు. నెదర్లాండ్స్ ఆర్థికవేత్త బాస్ టెర్ వీల్ ఆ దేశపు లీగ్‌లో 1986 నుంచి 2004 దాకా మేనేజర్ల మార్పులను పరిశీలించాడు. మార్చిన క్లబ్బులు తర్వాత కోలుకున్న మాట నిజమే. కానీ ఆయన ఇంకో గుంపును పక్కన పెట్టి చూశాడు: అంతే దారుణంగా ఓడుతూ కూడా మేనేజర్ని ఉంచుకున్న క్లబ్బులు. అవీ అలాగే కోలుకున్నాయి. పోల్చి చూసే ఆ రెండో గుంపు లేకుండా మన చర్చలన్నీ సాగుతాయి.

మన దగ్గరా ఈ నమ్మకానికి ఓ కథ ఉంది. ఐపీఎల్‌లో దెక్కన్ ఛార్జర్స్ 2008లో ఆఖరి స్థానం, 2009లో విజేత. లక్ష్మణ్ పోయి గిల్‌క్రిస్ట్ కెప్టెన్ కాగానే హైదరాబాద్ జట్టు రాత మారిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. 2008లోనే లక్ష్మణ్ గాయపడి తప్పుకున్నాక పగ్గాలు పట్టింది ఆ గిల్‌క్రిస్టేనన్న సంగతి మరిచిపోతారు. ఆయన చేతిలోనూ ఆ ఏడు జట్టు ఆఖరే. మరుసటి ఏడాదికి కొత్త కోచ్ వచ్చాడు, టోర్నీ దక్షిణాఫ్రికాకు పోయింది, సన్నద్ధతకు సమయం దొరికింది. పైగా ఐపీఎల్‌లో ఆఖరున నిలిచినవాడికి శిక్ష లేదు, వచ్చే ఏడు మళ్లీ అదే వరుసలో కూర్చుంటాడు. ఇంగ్లండ్‌లో ఆఖరున నిలిస్తే కింది డివిజన్, టీవీ ఆదాయంలో కోట్ల పౌండ్ల కోత, మంచి ఆటగాళ్ల వలస. ఆ భయమే యజమాని చేత తొందరపాటు పనులు చేయిస్తుంది.

పెద్ద పేరుతో పని జరుగుతుందనే వాళ్లకు న్యూకాసిల్ యునైటెడ్ చరిత్ర చాలు. 2009 ఏప్రిల్ 1న ఎనిమిది మ్యాచ్‌లు మిగిలుండగా అలన్ షియరర్‌ను మేనేజర్‌గా ప్రకటించారు. ఆ ఊరి బిడ్డ, ఆ క్లబ్బుకు అత్యధిక గోల్స్ కొట్టినవాడు, ఆ నగరానికి దేవుడితో సమానం. ఊపు అనేది ఉంటే అంతకంటే ఎక్కువ ఊపు తెచ్చేవాడు భూమ్మీద లేడు. ఎనిమిదింట్లో ఒక గెలుపు, రెండు డ్రాలు, అయిదు ఓటములు. చివరి రోజు ఆస్టన్ విల్లా మైదానంలో ఒక్క డ్రా చేసుకున్నా నిలిచేవారు. బంతి సొంత ఆటగాడు డేమియన్ డఫ్ కాలికి తగిలి సొంత గోల్‌లోకి పోయింది, 0-1. ఒక్క పాయింట్ తేడాతో దిగిపోయారు.

షియరర్‌కు శిక్షణ రాదనీ అనుభవం లేదనీ అప్పుడు విమర్శించారు. సరే, అనుభవం ఉన్నవాడినే చూద్దాం. ఏడేళ్లకు అదే క్లబ్బు, అదే ప్రమాదం. 2016 మార్చిలో పది మ్యాచ్‌లు మిగిలుండగా రఫా బెనితెజ్ వచ్చాడు. లివర్‌పూల్‌కు ఛాంపియన్స్ లీగ్ తెచ్చినవాడు, అంతకు రెండు నెలల ముందు దాకా రియల్ మాడ్రిడ్ కోచ్. చివరి ఆరు మ్యాచ్‌లు ఓడలేదు. ఆఖరి రోజు టాటెన్‌హామ్‌ను 5-1తో చిత్తు చేశారు. అప్పటికే న్యూకాసిల్ దిగిపోవడం ఖాయమైంది. దేవుడూ కాపాడలేదు, పండితుడూ కాపాడలేదు. కాపాడవలసింది ఇంకెక్కడో ఉందని అప్పుడైనా అనుమానం రావద్దూ?

2008-09లో న్యూకాసిల్‌లో ఏం జరిగిందో మధ్యవర్తిత్వ ట్రైబ్యునల్ రికార్డుల్లోనే ఉంది. సీజన్ మొదట్లో మేనేజర్ కెవిన్ కీగన్. ఆటగాళ్ల కొనుగోలులో ఆయనదే తుది మాట అని చెప్పి తెచ్చారు. తీరా చూస్తే ఇగ్నాసియో గొంజాలెజ్ అనే ఆటగాడిని ఆయనకు ఇష్టం లేకుండానే తెచ్చి జట్టుకు అంటగట్టారు. ఆటగాడి గురించి తెలియదంటే యూట్యూబ్‌లో చూసుకోమన్నారట. కీగన్ రాజీనామా చేశాడు, తర్వాత ట్రైబ్యునల్ ఆయన పక్షానే తీర్పిచ్చి 20 లక్షల పౌండ్ల పరిహారం ఇప్పించింది. కీగన్ తర్వాత జో కినియర్ వచ్చాడు, ఆయనకు గుండె జబ్బు చేస్తే క్రిస్ హ్యూటన్ తాత్కాలికంగా చూశాడు, అందరి తర్వాత షియరర్. ఒక్క సీజన్‌లో డగౌట్‌లో నలుగురు. పైన యజమాని మైక్ ఆష్లీ మాత్రం ఒక్కడే. మారనిది ఎవరో చూస్తే రోగం ఎక్కడుందో తెలుస్తుంది.

ఏప్రిల్‌లో వచ్చిన మేనేజర్ చేతిలో ఏముంటుంది? కొనుగోళ్ల గడువు చలికాలంలోనే ముగిసిపోయింది, కొత్త ఆటగాడు ఒక్కడూ రాడు. జీతాలు, కాంట్రాక్టులు, వయసు మీరిన డిఫెండర్లు, గాయాల పుట్టలు, అన్నీ అంతకు ముందు రెండు మూడు వేసవుల్లో ఎవరో తీసుకున్న నిర్ణయాలే. పప్పూ బియ్యమూ పుచ్చువి తెచ్చి, ఆఖరి బంతి లేచే వేళకు వంటవాడిని మార్చి రుచి రాలేదనడం లాంటిదిది. సైమన్ కూపర్, స్టెఫాన్ షిమాన్‌స్కీ ‘సాకర్నామిక్స్’ పుస్తకంలో ఇంగ్లిష్ క్లబ్బుల లెక్కలు తిరగేసి చెప్పింది కూడా ఇలాంటిదే. దీర్ఘకాలంలో క్లబ్బు పట్టికలో ఎక్కడ నిలుస్తుందో చెప్పాలంటే ఆటగాళ్లకిచ్చే జీతాల బిల్లు చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. దాన్ని దాటి ఫలితం తెచ్చే మేనేజర్లు కొద్దిమందే.

పెద్ద క్లబ్బుకు ఇది మరీ వర్తిస్తుంది. అక్కడ జీతాలకు కొదవ లేదు, మరి ఎందుకు మునుగుతుంది? డబ్బుని తప్పుగా ఖర్చు పెట్టడం వల్ల. అడ్డదిడ్డంగా కొన్న ఆటగాళ్లు, ఒక్కో మేనేజర్ అభిరుచికి కొన్నవాళ్లు మరో మేనేజర్‌కు పనికిరాకుండా పోవడం. అంటే మేనేజర్ని మార్చడం అనే మందే కొంతవరకు జబ్బుకు మూలం. ప్రతి మార్పూ డ్రెస్సింగ్ రూమ్‌లో ఒక పొర పాత సరుకును వదిలిపోతుంది.

బ్లాక్‌బర్న్ కథ మన పాఠకులు పూర్తిగా తెలుసుకోదగ్గది. ఎందుకంటే ఆ క్లబ్బు మూలం లాంకషైర్‌లో ఉన్నా, 2010 నుంచి దాని పగ్గాలు మనవాళ్లు స్థాపించిన వ్యాపారం చేతిలో ఉన్నాయి. 1971లో హైదరాబాద్‌లో వెంకటేశ్వర హేచరీస్ మొదలుపెట్టిన బండా వాసుదేవరావు భారతీయ కోళ్ల పరిశ్రమకు పితామహుడనిపించుకున్నారు. పేపర్లో రోజూ మనం చూసే నెక్ గుడ్ల ధర వెనక ఉన్నదీ ఆయన కృషే. తర్వాత పుణెకు విస్తరించిన ఆ కుటుంబం, వెంకీస్ పేరుతో, 2010 నవంబర్‌లో దాదాపు 2.3 కోట్ల పౌండ్లకు బ్లాక్‌బర్న్ రోవర్స్‌ను కొంది.

అది మామూలు క్లబ్బు కాదు. ఉక్కు వ్యాపారి జాక్ వాకర్ డబ్బుతో, కెన్నీ డాల్‌గ్లిష్ శిక్షణలో 1995లో ప్రీమియర్ లీగ్ గెలిచింది. మూడున్నరేళ్లకే, 1998 చివర్లో, జారుతోందని రాయ్ హాడ్జ్‌సన్‌ను తీసేసి అలెక్స్ ఫెర్గూసన్ కుడిభుజం బ్రయాన్ కిడ్‌ను మేనేజర్‌గా తెచ్చింది. 1999 మే 12న సొంత మైదానం ఎవుడ్ పార్క్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌తో 0-0 డ్రా చేసుకుని దిగిపోయింది. కిడ్ వదిలి వచ్చిన ఆ యునైటెడ్ మరో రెండు వారాలకు మూడు కప్పులూ పూర్తి చేసింది. ఫెర్గూసన్ పక్కన ఉన్నప్పుడు మేధావి అయినవాడు బ్లాక్‌బర్న్ చేరగానే మొద్దు అయ్యాడా?

వెంకీస్ వచ్చిన నెలరోజుల్లో, డిసెంబర్ 13న, మేనేజర్ సామ్ ఆలర్‌డైస్‌ను తీసేశారు. అప్పుడు జట్టు పదమూడో స్థానంలో ఉంది, మునగడం లేదు. కోచింగ్ సిబ్బందిలో ఉన్న స్టీవ్ కీన్‌ను మేనేజర్‌గా చేశారు. కొత్త యజమానులు రొనాల్డీన్యో పేరు ఎత్తారు, ఆటగాళ్లతో చికెన్ ప్రకటన తీయించారు. ఆ సందట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోని సంగతి, 2011 ఫిబ్రవరిలో ఛైర్మన్ జాన్ విలియమ్స్ వెళ్లిపోవడం. క్లబ్బు నడపడం తెలిసిన మనిషి పోయాడు. ఆ వేసవిలో యువ డిఫెండర్ ఫిల్ జోన్స్ మాంచెస్టర్ యునైటెడ్‌కు, మరుసటి ఫిబ్రవరిలో క్రిస్ సాంబా రష్యాకు అమ్ముడుపోయారు. 2012 మే 7న విగన్ చేతిలో ఓడి దిగిపోయింది. ఆ రోజు క్లబ్బు జెండా కప్పిన ఓ కోడిని మైదానంలోకి వదిలారు అభిమానులు. రెండేళ్లపాటు తిట్లన్నీ తిన్నది కీన్. కోడి మాత్రం సరైన చిరునామాకే వెళ్లింది.

తర్వాత ఏడాది ఇంకా విడ్డూరం. సెప్టెంబర్‌లో కీన్ రాజీనామా. హెన్నింగ్ బెర్గ్ వచ్చాడు, 1995 విజేత జట్టు సభ్యుడు, అభిమానుల మనిషి. 57 రోజులకు పంపేశారు. మైకేల్ ఆపిల్‌టన్ వచ్చాడు, 67 రోజులు. బెర్గ్ కోర్టుకెక్కితే 22.5 లక్షల పౌండ్లు చెల్లించాల్సి వచ్చింది. ఆ డబ్బుతో ఒక డిఫెండర్ రాడా? ‘మార్చి చూస్తే పోయేదేముంది’ అనేవాళ్లు ఈ బిల్లు చూడాలి.

2017 ఫిబ్రవరిలో మోబ్రే వచ్చేనాటికి, ఓవెన్ కోయిల్ హయాంలో 31 మ్యాచ్‌లకు 29 పాయింట్లు. మోబ్రే 15 మ్యాచ్‌లలో 22 పాయింట్లు తెచ్చాడు, మూడే ఓటములు. సీజనంతా అదే వేగంతో ఆడితే 67 పాయింట్లు, హాయిగా పట్టిక పై సగంలో ఉండేవారు. మార్పు పని చేస్తుందనే వాళ్లకు ఇదే మంచి ఉదాహరణ కదా, అంటారేమో. పనిచేసిన మార్పు కూడా క్లబ్బును కాపాడలేకపోయింది. అంతకు ముందు ఆరేళ్లలో తవ్విన గొయ్యి అంత లోతు. నమ్మకం ప్రకారం మోబ్రే విఫలుడు, మూడు మ్యాచ్‌ల రెడ్‌నాప్ విజేత. ఈ కొలబద్దను పారేయడానికి ఇంకేం కావాలి?

ఇక అవతలి పక్షపు బలమైన వాదన. హాడ్జ్‌సన్ 2007 డిసెంబర్ చివర్లో ఫుల్హామ్‌కు వచ్చి చివరి రోజు గోల్ తేడాతో నిలబెట్టాడు. నిలబెట్టాడు, కాదనను. కానీ ఆయన చేతిలో దాదాపు సగం సీజన్ ఉంది, జనవరి కొనుగోళ్ల గడువు మొత్తం ఉంది, ఆరంభంలో ఓడుతున్నా ఎవరూ తరమలేదు. ఊపు కాదు, ఓపిక పని చేసింది. ఆటగాళ్లు మేనేజర్ మాట వినడం పూర్తిగా మానేసిన చోట మార్చక తప్పదు. అలాంటి చోట మార్పు మునిగే క్లబ్బుకు మందు అని కాదు, తప్పుడు నియామకాన్ని సరిదిద్దుకోవడం అని అనాలి. ఆ నియామకం చేసిందెవరో కూడా అదే గొంతుతో అడగాలి.

‘ఏదో ఒకటి చెయ్యాలి కదా’ అనేది ఆఖరి మాట. ఆ చెయ్యడం ఎవరి కోసం? పాతికమంది ఆటగాళ్లను మార్చలేరు, యజమాని తనను తాను తీసేసుకోడు. ఒక్కణ్ని బలిస్తే స్టేడియంలో కేకలు మూడు వారాలు ఆగుతాయి. ఆడలేనమ్మ మద్దెల ఓడందట. ఇక్కడ ఆ అమ్మ మద్దెలను అమ్మేసి ఇంకోటి కొంటోంది, అంతే తేడా.

బ్లాక్‌బర్న్ యజమానులు ఇన్నేళ్లలో చేసిన తెలివైన పని ఒకటుందంటే, అది 2017 మేలో ఏమీ చేయకపోవడం. మోబ్రేను ఉంచారు. మరుసటి సీజన్ 96 పాయింట్లతో రెండో స్థానం, వెంటనే పైకి. న్యూకాసిల్ కూడా బెనితెజ్‌ను ఉంచుకుని వెంటనే పైకి వచ్చింది. అంతకు ముందు 2009లో దిగినప్పుడు క్రిస్ హ్యూటన్ 102 పాయింట్లతో పైకి తెచ్చాడు, 2010 డిసెంబర్‌లో పట్టిక మధ్యలో హాయిగా ఉండగా ఆయన్ని తీసేశారు.

లీసెస్టర్ సిటీ రెండు దారులూ నడిచి చూసింది. 2014-15లో క్రిస్మస్‌కు అడుగున ఉన్నా మేనేజర్ నైజెల్ పియర్సన్‌ను కదపలేదు. చివరి తొమ్మిదింట్లో ఏడు గెలిచి నిలిచారు. వేరే కారణాలతో ఆ వేసవిలో ఆయన్ని తీసేశారు గానీ, ఆ జట్టే, ఎక్కువగా ఆ ఆటగాళ్లే, మరుసటి ఏడాది క్లాడియో రానియెరి కింద ప్రీమియర్ లీగ్ గెలిచారు. 2023లో అదే క్లబ్బు, అవే రంగులు, ఏప్రిల్‌లో కొత్త మేనేజర్. ఎనిమిది మ్యాచ్‌లలో తొమ్మిది పాయింట్లు తెచ్చాడు డీన్ స్మిత్. రెండు పాయింట్లు తక్కువయ్యాయి. ఆ రెండు పాయింట్లు ఏప్రిల్‌లో పోయినవి కావు. ముందరి వేసవిలో కెప్టెన్, గోల్‌కీపర్ కాస్పర్ ష్మైకెల్‌ను వదులుకుని, అతని స్థానంలో ఆ స్థాయి గోల్‌కీపర్ని కొనకుండా సీజన్ మొదలుపెట్టినప్పుడే పోయాయి.